భాషా సహాయకుల పని గురించి పూర్తిగా చెప్పండి

సంపాదకులకు,

నమస్కారం.

విదేశాల్లో భాషా సహాయకులుగా పనిచేసే అవకాశాల మీద మీ పత్రిక విద్యా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని మా కావలిలో చాలామంది చదివారు. నేను ఫ్రాన్స్‌లో ఒక విద్యా సంవత్సరం ఆ పని చేసి వచ్చానని తెలిసినవాళ్లు, వ్యాసం వెలువడిన నాటి నుంచి కందుకూరు, ఆత్మకూరు, ఒంగోలు నుంచి కూడా ఫోన్లు చేస్తున్నారు. జీతం ఎంత వస్తుంది, ఏ కన్సల్టెన్సీని కలవాలి, అటునుంచి అటే అక్కడ స్థిరపడవచ్చా అన్నవే అందరి ప్రశ్నలు. వెళ్లిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ అక్కడ తరగతి గదిలో ఏం చేస్తారని అడిగినవారు ఒక్కరూ లేరు. వారిని అనవలసింది ఏమీ లేదు, ఎందుకంటే వ్యాసంలోనూ ఆ సంగతి లేదు. జీతమిచ్చి యూరప్ చూపించే పథకంగా పరిచయం చేసినదాన్ని చదివిన తల్లిదండ్రులు అలాగే అర్థం చేసుకుంటారు. ఇది బాధ్యతతో కూడిన బోధన పని అనీ, దానికి సిద్ధపడి వెళ్లినవారికే అది మేలు చేస్తుందనీ మీ పాఠకులకు తెలియాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫ్రాన్స్ ప్రభుత్వ పాఠశాలల్లో విదేశీ భాషలు చదివే పిల్లలతో మాట్లాడడానికి, ఆ భాషలు వాడుకలో ఉన్న దేశాల నుంచి యువతీయువకులను పిలిపించే ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల నుంచీ ఉంది. పారిస్ పక్కనున్న సెవ్ర్‌లోని ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ అనే ప్రభుత్వ సంస్థ దీన్ని నడుపుతుంది. ఇంగ్లీషు కోసం బ్రిటన్, అమెరికా, ఐర్లండ్, ఆస్ట్రేలియా వంటి దేశాలతోపాటు భారత్ నుంచి కూడా తీసుకుంటారు గానీ, మన దేశం నుంచి వెళ్లేవారు కొద్దిమందే. పని అక్టోబరు 1న మొదలై ఏప్రిల్ 30తో ముగుస్తుంది. వారానికి 12 గంటలు, చేతికి వచ్చేది నెలకు దాదాపు 800 యూరోలు. ఏ ఊరికి వెళ్లాలన్నది అభ్యర్థి చేతిలో ఉండదు. అకాడమీ అని పిలిచే ప్రాంతీయ విద్యాశాఖ నిర్ణయిస్తుంది. దరఖాస్తులో మనం కొన్ని ప్రాంతాలను కోరుకోవచ్చు, కానీ పారిస్ కోరుకున్నవారందరికీ పారిస్ రాదు. నాకు క్లెర్మోఁ-ఫెరాఁ అకాడమీలో, కొండల నడుమ ఉన్న ఒక చిన్న పట్టణంలోని లిసే వచ్చింది. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలు చదివే లిసే మన ఇంటర్మీడియట్ కళాశాలకు దగ్గరగా ఉంటుంది.

అక్కడ సహాయకులు ఉపాధ్యాయులు కారు. మార్కులు వేయరు, సెలవు పెట్టిన ఉపాధ్యాయుల బదులు తరగతి నడపరు. ఉపాధ్యాయురాలు తన తరగతిలో సగంమందిని మన వెంట మరో గదికి పంపుతారు. ఆ పది పన్నెండు మందితో దాదాపు గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడించడమే మన పని. వినడానికి ఇంత తేలికగా కనిపించే ఈ పని ఎంత కష్టమో మొదటి వారంలోనే తెలుస్తుంది. పిల్లలకు వ్యాకరణం వచ్చు, చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాస్తారు, నోరు మాత్రం తెరవరు. పక్కనున్నవాళ్లు నవ్వుతారేమోనన్న భయం, తప్పు పోతుందేమోనన్న భయం వాళ్లను పట్టుకుని ఉంటాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఏ ఉన్నత పాఠశాలకు వెళ్లినా ఇదే భయం కనిపిస్తుంది కాబట్టి నాకది కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది ఆ భయాన్ని పోగొట్టడానికి ఒక ప్రభుత్వం చేసిన ఏర్పాటు. మార్కులు వేసే అధికారం లేని, తమకంటే కొద్దిపాటి పెద్దవయసు మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని, తప్పు మాట్లాడినా ఏమీ కాదన్న ధైర్యాన్ని వారం వారం ఇస్తూ ఉంటే, నవంబరు చివరికి వెనక వరుసలో మౌనంగా కూర్చున్న పిల్లలు కూడా రెండు మూడు వాక్యాలు కలిపి చెప్పడం మొదలుపెడతారు. ఆ మార్పును దగ్గరగా చూసినందువల్లే ఈ పని విలువ మీద నాకు ఇంత నమ్మకం.

అయితే ఆ గంట ఊరికే నడవదు. ఫొటో చూపించి దానిలో ఏముందో చెప్పమంటే మూడు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. చర్చ పెడితే ఇద్దరే మాట్లాడతారు. ఏ తరగతికి ఏది పనిచేస్తుందో కనిపెట్టి, చీటీలు కత్తిరించి, ప్రశ్నలు రాసుకుని, తోటి ఉపాధ్యాయులు ఆ వారం చెబుతున్న పాఠానికి దాన్ని కలపడానికి, బోధించే సమయానికి సమానమైన సమయం పడుతుంది. వారానికి 12 గంటలంటే తరగతిలో గడిపే గంటలే. పీరియడ్లు కూడా వరుసగా ఉండవు: ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం చివర ఇంకొకటి ఉండవచ్చు. కొందరికి రెండు మూడు బడులు అప్పగిస్తారు, వాటి మధ్య బస్సులు చూసుకోవాలి. ప్రాథమిక పాఠశాలలకు పంపినవారి పని మరో తీరుగా ఉంటుంది. అక్కడ చర్చలకు బదులు పాటలు, రంగులు, అంకెలు, ఆటలు సిద్ధం చేసుకోవాలి.

నా తరగతుల్లో బాగా నడిచిన పాఠం మన నెల్లూరు రొట్టెల పండుగ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇవ్వడం, అదే కోరిక ఉన్నవారు దాన్ని అందుకోవడం, తీరాక మళ్లీ వచ్చి తామూ ఒక రొట్టె ఇవ్వడం మనకు తెలిసినదే. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం, ఇల్లు, ఇలా ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. నేను ఈ సంగతి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పి, ఒక్కొక్కరినీ రెండు కాగితాలు తీసుకోమన్నాను. ఒకదాని మీద ఈ ఏడాది తమకు తీరిన కోరిక, రెండోదాని మీద ఇంకా తీరని కోరిక రాసుకోవాలి. తమకు కావలసినది ఎవరికి తీరిందో గదంతా తిరిగి, ఇంగ్లీషులో అడిగి, కనుక్కుని, ఆ కాగితం అందుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు, తాతగారి ఆరోగ్యం, వేసవి ఉద్యోగం, విడిపోయిన స్నేహితురాలు మళ్లీ మాట్లాడడం, ఇలా ఎన్నో బయటికి వచ్చాయి. అడగవలసిన అవసరం నిజంగా కలిగినందువల్ల ఎవరూ వ్యాకరణం గురించి ఆగి ఆలోచించలేదు. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా అందరూ ఆ చెరువులోకి దిగుతారన్న మాట విని వాళ్లు అడిగిన ప్రశ్నలతో తరువాతి వారం పీరియడు కూడా గడిచింది. విదేశానికి వెళ్లే మన పిల్లలు తమ ఊరి గురించి ఇలా సరళంగా, నిజాయితీగా చెప్పగలగాలని నేను కోరుకుంటాను. భారతదేశం అంటే హిందీ సినిమా, తాజ్‌మహల్ అని అక్కడి పిల్లలు అనుకుంటారు. తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 8 కోట్లకు పైగా ఉన్నారనీ, అది ఫ్రాన్స్ మొత్తం జనాభా కంటే ఎక్కువనీ చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నాకు సంతోషాన్నిచ్చింది.

ఇక్కడ మరో విషయం తప్పనిసరిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనకు ముందుగా చెప్పేవారు లేరు. ఫ్రాన్స్ ప్రభుత్వ పాఠశాల మతానికి అతీతమైన స్థలం. 1905 నాటి చట్టంతో అక్కడ ప్రభుత్వాన్ని మతసంస్థల నుంచి వేరు చేశారు. 2004 చట్టం విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు ధరించి బడికి రాకుండా నిషేధించింది. బడిలో పనిచేసేవారికి ఈ నియమం ఇంకా కఠినంగా వర్తిస్తుంది. జీతం తీసుకునే సహాయకులు కూడా ఆ ఉద్యోగుల లెక్కలోకే వస్తారు. కాబట్టి మెడలో దేవుడి బిళ్ల, తలమీద ముసుగు, నుదుట బొట్టు విషయంలో ఏది పెట్టుకోవచ్చో, ఏది కూడదో చేరిన మొదటి రోజే ప్రధానోపాధ్యాయులను మర్యాదగా అడిగి తెలుసుకోవడం మంచిది. రొట్టెల పండుగ పాఠాన్ని కూడా నేను మా ఊరి ఆచారంగా మాత్రమే చెప్పాను, ముందుగా ఉపాధ్యాయురాలికి చూపించి ఒప్పుకున్నాకే చెప్పాను. మన ఇళ్లలో ఈ నియమం విని నొచ్చుకునేవారు ఉంటారు. నచ్చనివారు వెళ్లకపోవచ్చు, కానీ వెళ్లాక తెలిసి గొడవ పడడం ఎవరికీ మంచిది కాదు.

ఇక డబ్బు సంగతి. 800 యూరోలను రూపాయల్లోకి మార్చి చూసి మురిసిపోవడం సహజం. అయితే ఖర్చూ యూరోల్లోనే ఉంటుంది. చిన్న పట్టణంలో ఒక గదికి 350 నుంచి 400 యూరోల అద్దె ఇచ్చి, తిండికి, బస్సుకు, ఫోనుకు, చలికోటుకు, బూట్లకు పెట్టాక మిగిలేది కొద్దిగానే. అంతకంటే ముఖ్యమైనది మొదటి నెల. జీతం అక్టోబరు చివరికి గానీ రాదు, కాగితాల్లో ఏదైనా ఆలస్యమైతే నవంబరుకు జరుగుతుంది. ఈలోగా గదికి అడ్వాన్సు, మొదటి అద్దె, తిండి ఖర్చు అన్నీ ఇంటి నుంచి తీసుకెళ్లిన డబ్బుతోనే గడవాలి. బ్యాంకు ఖాతా తెరవాలంటే చిరునామా చూపించమంటారు, ఇల్లు ఇవ్వాలంటే ఇంటివారు బ్యాంకు ఖాతా, పూచీదారు కావాలంటారు. విజాల్ అనే ఉచిత పూచీకత్తు పథకం ముప్పై ఏళ్లలోపువారికి ఉన్నదని తెలిస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. కొన్ని లిసేలు తమ హాస్టలులోనే తక్కువ అద్దెకు గది ఇస్తాయి. నియామక పత్రం రాగానే బడికి ఉత్తరం రాసి అడగాలి. అక్కడికి చేరిన మూడు నెలల్లోగా వీసాను ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకోవాలి, ఆరోగ్య బీమాలో చేరాలి, ఇంటి అద్దె సాయానికి దరఖాస్తు పెట్టాలి. ఈ కాగితాలన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి. రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో లేకుండా బయలుదేరవద్దని నన్ను అడిగిన ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతున్నాను. దాని కోసం బంగారం తాకట్టు పెట్టవలసి వస్తే, ఏడు నెలల జీతంలో దాన్ని విడిపించగలమా లేదా అన్నది ముందే కూర్చుని లెక్క వేసుకోవాలి.

కన్సల్టెన్సీ అవసరం లేదు. దరఖాస్తును అభ్యర్థులే స్వయంగా పూర్తిచేయవచ్చు. వివరాలు మన దేశంలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ద్వారా దొరుకుతాయి. ఈ కొలువు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. ఏప్రిల్ 30తో ఒప్పందం ముగుస్తుంది, అది శాశ్వత ఉద్యోగానికి గానీ స్థిరనివాసానికి గానీ దారి కాదు. ఆ ఉద్దేశంతో వెళ్లినవారు అక్కడి ఏడు నెలలూ వేరే ఉద్యోగాలు వెతుక్కుంటూ గడుపుతారు, తరగతిలో కూర్చున్న పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

ఒంటరితనం గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. చిన్న పట్టణాల్లో సాయంత్రం ఏడింటికి దుకాణాలు మూస్తారు, ఆదివారం వీధులు ఖాళీగా ఉంటాయి. డిసెంబరులో ఐదు దాటగానే చీకటి పడుతుంది. నెల్లూరు ఎండలకు అలవాటుపడిన ఒంటికి సున్నా కంటే తక్కువ చలి మొదటి వారాల్లో నిజంగా బాధ పెడుతుంది. మనకూ వాళ్లకూ మధ్య మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర గంటలవుతుంది. అక్కడ పని ముగించుకుని గదికి చేరి ఫోను చేసేసరికి ఇక్కడ అమ్మానాన్నలు నిద్రకు ఉపక్రమిస్తుంటారు. వారానికి 12 గంటల పని అంటే మిగిలిన సమయమంతా మన చేతిలోనే ఉంటుంది, దాన్ని గదిలో కూర్చుని ఫోనులో తెలుగు వీడియోలు చూస్తూ గడపడం చాలా సులభం. నేను గమనించినంతలో, ఈ పని నుంచి లాభపడినవారందరూ బడి బయట కూడా ఒక చోటు సంపాదించుకున్నవారే: ఊరి గ్రంథాలయంలో పేరు నమోదు చేసుకుని, పాటల బృందంలో గానీ నడక సంఘంలో గానీ చేరి, బడి భోజనశాలలో ఒంటరిగా కాక తోటి ఉపాధ్యాయుల బల్ల దగ్గర కూర్చుని తిన్నవారు. అక్కడి ఉపాధ్యాయులు మధ్యాహ్న భోజనం దగ్గర తీరికగా మాట్లాడతారు. ఆ మాటలు అర్థం కావడానికి మంచి ఫ్రెంచి కావాలి. ఇంగ్లీషు చెప్పడానికే కదా వెళ్తున్నాం అనుకుని అరకొర ఫ్రెంచితో వెళ్లినవారు ఆ బల్ల దగ్గరే ఎక్కువగా నలిగిపోతారు. ఆరేడు వారాలకొకసారి వచ్చే రెండు వారాల సెలవుల్లోనూ అదే పరిస్థితి: బడి మూతపడి, హాస్టలు ఖాళీ అయినప్పుడు, ఊళ్లో తెలిసినవారు ఉన్నవారికీ లేనివారికీ ఆ రోజులు ఒక్కలా గడవవు.

అందువల్ల అసలు సిద్ధపాటు విమానం ఎక్కే ముందు ఇక్కడ, మన ఊళ్లలోనే జరగాలి. నేను హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి చదివే అవకాశం దొరికినందువల్ల వెళ్లగలిగాను. కావలిలోనే ఉండి డిగ్రీ చేసి ఉంటే ఆ దారి నాకు కనిపించేది కాదు. ఇంటర్మీడియట్‌లో రెండో భాషను మార్కుల లెక్కతో ఎంచుకోవడం మన రెండు జిల్లాల్లో ఏళ్ల తరబడి చూస్తున్నదే. ఆ లెక్కతో సంస్కృతం తీసుకున్నవారు గానీ ఫ్రెంచి తీసుకున్నవారు గానీ పరీక్ష రాశాక ఆ భాషలో ఒక్క నిమిషం మాట్లాడగలరా అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. సహాయకులుగా వెళ్లాలంటే యూరప్ భాషా కొలమానంలో కనీసం బి1 అనే మధ్యస్థాయి ఫ్రెంచి ఉండాలి, అది కూడా మాట్లాడగలిగే ఫ్రెంచి అయి ఉండాలి. డెల్ఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్ష ఆ స్థాయిని ధ్రువీకరిస్తుంది. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. ఆ పరీక్షకు తయారు కావాలంటే మన పిల్లలు చెన్నైలోనో హైదరాబాదులోనో గది అద్దెకు తీసుకుని ఉండవలసి వస్తోంది. నెల్లూరు, కావలి పిల్లలకు చెన్నై రైలులో కొద్ది గంటల దూరమే. అయినా రోజూ వెళ్లి రావడం ఏ మధ్యతరగతి కుటుంబానికీ సాధ్యం కాదు, ఆడపిల్లల విషయంలో ఆ అభ్యంతరం ఇంకా ముందుకొస్తుంది.

నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఒక్కొక్క సాయంకాలపు ఫ్రెంచి తరగతితోనైనా మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. పాతికమందికి మించని తరగతి, వారానికి మూడు రోజులు, ప్రతి నెలా మాట్లాడించి చూసే పరీక్ష ఉంటే చాలు. దానితోపాటు బోధనలో అనుభవం కూడా కావాలి. ఫ్రెంచి నేర్చుకుంటున్న విద్యార్థులను దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వారానికి ఒక పూట పంపి, ఎనిమిదో తరగతి పిల్లలను పదిమంది చొప్పున కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడించమనవచ్చు. విదేశం వెళ్లేవారికి అది తర్ఫీదు అవుతుంది, వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయే పిల్లలకు నోరు తెరిచే ధైర్యం వస్తుంది. నిజం చెప్పాలంటే ఈ రెండో ప్రయోజనమే నాకు ఎక్కువ ముఖ్యం. అరవై మంది కూర్చున్న గదిలో ఒక్కొక్కరి చేత మాట్లాడించడం ఎంత మంచి ఉపాధ్యాయుడికైనా అసాధ్యమని ఇక్కడ బోధిస్తున్న నాకు తెలుసు. ఫ్రాన్స్ చేసినట్టు తరగతిని సగానికి విడగొట్టడానికి అదనంగా ఒక యువకుడో యువతో ఉంటే సరిపోతుంది.

మీ పత్రికకు నా మనవి ఒకటే. అక్టోబరులో పనిలో చేరాలంటే ఆ ఏడాది తొలి నెలల్లోపే దరఖాస్తు పూర్తి కావాలి, దానికి ముందు పాస్‌పోర్టు, భాషా స్థాయి పత్రం, అధ్యాపకుల సిఫారసు లేఖలు సిద్ధంగా ఉండాలి. కాబట్టి దసరా సెలవుల నాటికే విద్యా పేజీలో ఈ పని గురించి మళ్లీ ఒక వ్యాసం ప్రచురించండి. అందులో జీతంతోపాటు మొదటి రెండు నెలల ఖర్చునూ, అవకాశంతోపాటు తరగతి గదిలోని పనినీ, గడువుతోపాటు ఒప్పందం ముగిసే తేదీనీ చెప్పండి. వెళ్లి వచ్చిన ఇతరులు కూడా జిల్లాల్లో ఉండే ఉంటారు. వారి అనుభవాలను కూడా ఆహ్వానించండి, నాకు ఎదురుకాని సంగతులు వారికి ఎదురై ఉండవచ్చు. కావలి, నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో ఎవరు పిలిచినా వచ్చి, విద్యార్థులతోనూ వారి తల్లిదండ్రులతోనూ మాట్లాడడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ కార్యాలయం ద్వారా కబురు చేస్తే చాలు.

భవదీయురాలు,
ఒక ఫ్రెంచి అధ్యాపకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా